చివరి రెండు పాదాలు

"ఇక్కడ రెండు పాదాలు తగ్గాయండీ" అన్నాడు ముసలాయన, ప్రూఫు కాగితం మీద వేలు పెట్టి.

సంపాదకురాలు తలెత్తలేదు. ఇంగ్లీషు గజళ్ళ ప్రత్యేక సంచిక సాయంత్రానికల్లా అచ్చుకి వెళ్ళాలి. ఆమెకి ఊపిరి సలపడం లేదు.

తనే తీసేశానని చెప్పింది. గజల్లో ఏ రెండు పాదాలకి ఆ రెండే ఒక కవితనీ, ఒక జంట తీసేస్తే మిగతావేమీ కూలిపోవనీ పాఠం కూడా చెప్పింది.

ఆయన కాదనలేదు. చివరి జంటలో కవి పేరు ఉండటం ఆనవాయితీ కదా అని మాత్రం నసిగాడు.

అదంతా తాతలనాటి ముచ్చటని ఆమె కొట్టిపారేసింది. ఈ కాలం ఇంగ్లీషు కవులు పేరునే కాదు, ప్రాసనీ, ప్రతి జంట చివరా తిరిగొచ్చే మాటనీ కూడా వదిలేస్తున్నారు. ఆ సంగతి మీదే ఆమె నాలుగు పేజీల ముందుమాట రాసుకుంది.

"అయినా పైన మీ పేరు ఉందిగా. మళ్ళీ కింద చిట్టి అని కలం పేరెందుకు? ఈ వయసులో ముద్దుపేరా?"

పక్క బల్ల దగ్గర గుమస్తా కిసుక్కున నవ్వాడు.

ఆయన నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు.

"అదొక్కటీ ఉంచండమ్మా. కావాలంటే పైనది తీసేయండి."

పేరు లేని కవిత వేయడం కుదరదంది. ఆయన కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

సంచిక వచ్చింది. ఎవరి నోట విన్నా ఆ గజలే. ఆయన పేరుతో జనం ఫోన్లలో ఒకరికొకరు పంపుకుంటున్నారు. పెద్ద ప్రచురణకర్త ఒకాయన మిగతా గజళ్ళు కూడా కావాలన్నాడు.

మంచి కబురు తనే చెప్పాలని సంపాదకురాలు ఫోన్ చేసింది.

ఆయన భార్య తీసింది. అంతా విని, ఎత్తూపల్లం లేని గొంతుతో చెప్పింది.

"ఆయనకి కవిత్వం రాయడం రాదండీ. మీ ప్రకటనలో బతికున్నవాళ్ళవే వేస్తామన్నారని పైన తన పేరు పెట్టి పంపారు. కింద దాని పేరు ఎలాగూ ఉంటుంది కదా అనుకున్నారు."

సంపాదకురాలికి ఏడుపు రాలేదు. అసలు ఏమీ అనిపించలేదు. ఎవరి పేరని అడిగింది, తెలిసీ.

"చిట్టి మా అమ్మాయండీ."