వంకాయ కోసిన పాపం

"జరన్ని నీళ్లియ్యే అవ్వా, దూపయితాంది!" లోపలి నుంచి ఓదెమ్మ తలుపు కొట్టింది.

"గ్రహణం విడిచేదాంక కదలకుండ పండుకో బిడ్డా!" క్వార్టరు వరండాలో నిలబడ్డ మల్లక్క గొళ్లెం మీద చెయ్యి తియ్యలేదు. కూతురికి నెలలు నిండాయి. "నువ్వు కడుపుల ఉన్నప్పుడు గ్రహణం పూట వంకాయ కోసిన. అందుకే నీ ఎడమ చెయ్యి ఎదగలే. మల్ల గా పాపం మనకొద్దు."

గడప మీద కూర్చున్న మంత్రసాని సారవ్వ తల వంచుకుంది. ఓదెమ్మ పుట్టినప్పుడు పురుడు పోసింది ఆమే. ఇరవై ఏళ్లుగా ఆ పొట్టి చెయ్యి ఎదురైనప్పుడల్లా ఆమె చూపు పక్కకు తప్పుకుంటూనే ఉంది.

"దీని కాన్పు గూడ నువ్వే చెయ్యాలె, సారవ్వా."

"నేను చెయ్య. అల్లుడు డ్యూటీ దిగంగనే దవాఖానకు తోల్కపొమ్మను."

"ఎందుకు?"

"ఆ దినం పిల్ల తల బయటికొచ్చింది, భుజం ఇరికింది. భయానికి మెడ పట్టి గుంజిన. ఏదో పుటుక్కుమన్నది. ఆ చప్పుడు ఇంకా నా చెవులల్లనే ఉన్నది. నీ వంకాయతోని కాలేదు, మల్లక్కా. గ్రహణం మాట నేనే పుట్టిచ్చిన. నిజం చెప్తే మీ ఆయన నన్ను కొడ్తడనుకున్న."



"కొట్టిండు," అంది మల్లక్క. "నన్ను. గ్రహణమొచ్చినప్పుడల్ల యాదికి తెచ్చుకొని మరీ కొట్టిండు."

బయట ఎండ ఇంకా మసకగానే ఉంది. మల్లక్క కుండలో నీళ్లు ముంచుకొచ్చి, గొళ్లెం తీసింది.