సంచి మీద ప్రేమ

“జిప్పు పోయిందని సంచి పారేస్తానంటారేంటండీ? కుట్టేస్తా, ఇటివ్వండి!” మా ఆయన కస్టమరు మీద గయ్యిమన్నాడు.

ఆమె నవ్వి, సంచి బల్ల మీద పెట్టింది. “మీ ఆయన వస్తువు విలువ తెలిసిన మనిషమ్మా” అని నాతో చెప్పి వెళ్లింది.

దాంతో ఆయనకు కొమ్ములొచ్చాయి. నా కుట్టుమిషను దగ్గరికొచ్చి నిలబడ్డాడు. “విన్నావుగా! గర్భసంచికైనా అంతే. గడ్డలొక్కటే తీస్తామని డాక్టరమ్మ చెప్తుంటే, మొత్తం తీసేయమని నీ గోలేంటి?”

“మళ్లీ రావచ్చని కూడా చెప్పింది. అది నీ చెవికెక్కలేదా?”

“వస్తే అప్పుడు చూద్దాం.”

“చూసేది నువ్వే, నెత్తురు పోయేది నాకు. మాత్రలు మింగాను, ఆగలేదు. నెత్తురు ఆగడానికి మందుండే లూపు పెడతానని డాక్టరమ్మ అంటే వద్దని గుడ్లురిమింది నువ్వు కాదూ? ఇప్పుడేమో గడ్డలు పెరిగిపోయి అది లోపల నిలవదంటోంది. మొన్న రక్తం ఎక్కించుకుని ఇంటికొచ్చాను. ఇంకా ఎందుకయ్యా నీకీ పట్టుదల?”

ఆయన వీధిలోకి ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. “ఇద్దరూ ఆడపిల్లలే కదే. ఒక్క మగనలుసు పుట్టనీ. ఆ తర్వాత తీయించుకుంటే నేనొద్దంటానా?”

నేను మిషను ఆపి దారం తెంపాను.

“అదా సంగతి! నీ ప్రేమ సంచి మీద కాదు, సరుకు మీద.”

కస్టమరు సంచి తీసి ఆయన మీదికి విసిరాను.

“ఇది నువ్వు కుట్టుకో. నాది రేపు తీసేస్తున్నారు. సంతకం పెట్టేసే వచ్చాను.”