పిడికిట్లో తాళంచెవి

"చెయ్యి రావడం లేదురా!"

నిచ్చెన మీంచి బైండింగ్ మాస్టర్ అరిచాడు. ఆయన కుడిచెయ్యి మోచేతి దాకా రాకెట్ పొట్టలో ఉంది. పారాచూట్ సర్దడానికి పెట్టుకున్న చిన్న కిటికీలోంచి చెయ్యి దూర్చింది ఆయనే. ఆ కిటికీకి కొలత తీసుకున్నదీ ఆయనే. ఇప్పుడు ఎవర్ని తిట్టాలో తెలియడం లేదు.

కింద నిచ్చెన పట్టుకున్న బావమరిది తలెత్తి చూశాడు. రాకెట్‌ని అంటించే మీటల పెట్టెకు బ్యాటరీ బిగించడం, నిచ్చెన పట్టుకోవడం, ఇవాళ వాడికి అప్పజెప్పిన పనులు ఈ రెండే.

"వేళ్లు చాపి లాగు బావా. వెళ్లిన చెయ్యి రాకుండా ఎక్కడికి పోతుంది?"

"చాపితే తాళంచెవి జారిపోతుంది. వంగినప్పుడు జేబులోంచి ఇందులో పడింది. ఎలాగో పట్టుకున్నాను. వదిలానంటే అడుగుకి పోతుంది. ఇక రాకెట్‌ని నిలువునా కోస్తే తప్ప దొరకదు."

"ఏ తాళంచెవి?"

"ఇంకేది? మీటల పెట్టెది!"

ఆ తాళంచెవి లేకపోతే రాకెట్ ఎగరదు. మాస్టర్ కాళ్ల కింద తొమ్మిది ఇంజన్లు వైర్లు తగిలించుకుని సిద్ధంగా ఉన్నాయి. తొమ్మిదీ ఒక్కసారే అంటుకోవాలి. అందుకే ఆయన ఒక నియమం పెట్టాడు. రాకెట్ దగ్గరికి వెళ్లేవాడు పెట్టెకున్న తాళంచెవి తీసి జేబులో వేసుకుని మరీ వెళ్లాలి. పొరపాటున ఎవరైనా మీట నొక్కినా ఏమీ కాకూడదు.

"పోనీ ఈసారికి వదిలేద్దాం బావా," అన్నాడు బావమరిది. "కోతలయ్యాక మళ్లీ పొలం అడుగుదాం."

"నోరు ముయ్. పన్నెండింటికి దున్నడానికి ట్రాక్టర్ దిగుతుంది. మళ్లీ ఇస్తారో ఇవ్వరో. మూడేళ్లు చుట్టానురా దీన్ని!"

అది నిజం. పుస్తకాలకు అట్టలు వేసే చేత్తోనే, పొర మీద పొర జిగురు రాసి, పదడుగుల కాగితపు గొట్టం చుట్టాడు. టైము పదకొండు దాటింది. ఎండ నెత్తి మీదికొచ్చింది. ఎంత లాగితే చెయ్యి అంత వాస్తోంది. పిడికిలి విప్పితే రాకెట్ ఎగరదు. విప్పకపోతే తాను ఇక్కణ్నుంచి కదలడు.

వంద అడుగుల దూరంలో మట్టిగట్టు వెనక పెట్టె దగ్గర కూర్చున్న భార్య లేచి నిలబడింది.

"ఏమైందండీ?"

"పెట్టెకున్న హారన్ కొట్టు! ట్రాక్టర్ షెడ్డులో ఎవరైనా ఉంటే కాస్త గ్రీజు తెస్తారు!"

హారన్ మోగలేదు. కాసేపటికి ఆవిడ గొంతే వినిపించింది.

"మోగడం లేదండీ! ఏది హారనో తెలీక రెండు మీటలూ గట్టిగా నొక్కాను!"

మాస్టర్ ఎడమచేత్తో నిచ్చెన గట్టిగా పట్టుకున్నాడు. కిందకి చూశాడు. తొమ్మిది ఇంజన్లూ బుద్ధిగా ఉన్నాయి. బావమరిది నిచ్చెన వదల్లేదు.

"చూశావా," అన్నాడు మాస్టర్ ఊపిరి పీల్చుకుని. "తాళంచెవి నా గుప్పిట్లో ఉంటే హారనూ మోగదు, అది నేనే మరిచాను. ఏదీ అంటుకోదు. నా నియమం మీద నీకున్న నమ్మకం మీ అక్కకి కూడా లేదురా."

"అవును బావా," అన్నాడు వాడు నేల చూపులు చూస్తూ.

భార్య పరుగున వచ్చింది. బ్యాగులోంచి క్రీము డబ్బా తీసి, నిచ్చెన రెండు మెట్లెక్కి మోచేతి చుట్టూ పూసింది. క్రీము అయిపోయింది గానీ చెయ్యి రాలేదు.

"ఒక్క తాళంచెవి కోసం ఇంత మొండితనమా? వదిలెయ్యండి, మీకు పుణ్యముంటుంది."

"వదలను. ఒరేయ్, నా అట్టల కత్తి తే. కిటికీ పక్కన రెండు వేళ్ల వెడల్పు కొయ్యి. మళ్లీ అట్ట అంటించి గుడ్డ చుడతాను. పన్నెండు లోపల ఆరిపోతుంది."

"ఎందుకు బావా, అనవసరంగా..."

"కొయ్యరా!"

కత్తి దిగుతుంటే మాస్టర్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. హాల్లో మంచానికి చోటు లేకుండా చేసిందని మూడేళ్లుగా ఆ రాకెట్‌ని తిట్టిపోసిన ఇల్లాలు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పిడికిలి బయటపడింది. మాస్టర్ కిందకి దిగి, మొద్దుబారిన వేళ్లను ఒక్కొక్కటే విప్పాడు. అరచేతిలో చిన్న తాళంచెవి ఉంది. పనిముట్ల పెట్టెది.

ఆయన జేబులన్నీ తడుముకున్నాడు.

"ఎర్ర దారం కట్టినదేదీ?"

"అదా?" అంది భార్య. "మీటల పెట్టెకే ఉందిగా. నేను నొక్కినప్పుడు కూడా దారం వేలాడుతూనే ఉంది."

మాస్టర్ నిచ్చెన కింది మెట్టు మీద కూలబడ్డాడు.

"తాళం పెట్టి తిప్పాను... లైటు వెలిగిందో లేదో చూసేలోపలే వీడు 'గాలి మారుతోంది, ముందు పైకెక్కు బావా' అని తరిమాడు. నేను తియ్యడం మర్చిపోయాను." భార్య వైపు చూశాడు. "నువ్వు రెండు మీటలూ నొక్కావు."

"నొక్కాను," అందావిడ. అప్పటికి గానీ సంగతి అర్థం కాలేదు. రాకెట్‌కి దూరంగా రెండడుగులు వెనక్కి వేసింది.

"మరి తొమ్మిదింట్లో ఒక్కటైనా అంటుకోలేదేం?"

బావమరిది కత్తి కింద పెట్టి, రెండు చేతులూ కట్టుకున్నాడు.

"పొద్దుటి నుంచీ చెబుదామనే చూస్తున్నాను బావా. బ్యాటరీ ఇంట్లో ఛార్జింగులోనే ఉండిపోయింది."