గ్రాంటు మేడమ్

"ఈ గడియ ఒక్క తోపుకి ఊడొచ్చేస్తుంది," అంది ఊరి కౌన్సిల్ నుంచి తనిఖీకి వచ్చిన మెరెడిత్, పెరటి తలుపుని రెండుసార్లు గుంజి చూసి.

నోలీన్‌కి ఒళ్లు మండింది. గడియ పాడైందని తనకి తెలియదా? అలాంటివి బాగుచేయించడానికేగా గ్రాంటు అడిగింది!

మొగుళ్ల దెబ్బలు తట్టుకోలేక పారిపోయి వచ్చిన ఆడవాళ్లు తలదాచుకునే ఇల్లది. ఏళ్ల తరబడి నోలీనే నడుపుతోంది. ఈసారి కౌన్సిల్ గ్రాంటు రాకపోతే జూన్ నెలాఖరుకి తాళం వెయ్యాల్సిందే. లోపలున్న ఆడవాళ్లూ, వాళ్ల పిల్లలూ ఎక్కడికి పోవాలో ఆ దేవుడికే తెలియాలి.

కౌన్సిల్ దగ్గర డబ్బు లేక కాదు. పోయినేడు సముద్రం ఒడ్డున కంచు పెలికాన్ పక్షి బొమ్మని నిలబెట్టారు. దానికి రంగురంగుల లైట్లు కూడానూ! ఈ ఇంటి దగ్గరికొచ్చేసరికి మాత్రం సవాలక్ష షరతులు. కొత్త పథకాలకే గ్రాంటట. అందుకని అదే ఇంటికి, అవే మంచాలకి, ఏటా ఓ కొత్త పేరు పెట్టి అడుక్కోవాలి. పోయినేడు 'ధైర్యబాట'. ఈ ఏడు 'తొలి అడుగు'. ఇంతకన్నా సిగ్గుమాలిన తతంగం ఇంకోటి ఉంటుందా?

పైగా ఈ తనిఖీలొకటి. గురువారం వస్తామని చెప్పి, సోమవారం పొద్దున్నే ఫోన్ చేసి "ఇవాళే వస్తాను" అంది ఈ మహాతల్లి. దొంగల్ని పట్టుకోవడానికి వచ్చినట్టు! ఈ ఇంటి చిరునామా కౌన్సిల్‌కి కూడా చెప్పరు. అందుకని హార్డ్‌వేర్ షాపు కార్ పార్కుకి రమ్మని, అక్కణ్ణుంచి నోలీనే తన కారులో తీసుకొచ్చింది. ఫోన్ ఆపెయ్యమని చెప్పబోతే, అప్పటికే ఆపేసి ఉంది. రూల్సు మాత్రం కంఠతా వచ్చు వీళ్లకి.

"పోలీసులకి ఫోన్ చేస్తే ఎంతసేపట్లో వస్తారు?" అడిగింది మెరెడిత్.

"వాళ్లకి తీరికైనప్పుడు."

"ఇక్కడ ఎవరెవరున్నారో బయటికి తెలుస్తుందా? కౌన్సిల్లో వాళ్లెవరైనా అడిగితే?"

"చచ్చినా చెప్పం."

"కుక్కని తెచ్చుకోవచ్చా?"

వంటింట్లో టోస్టులు కాలుస్తున్న లూపే కిసుక్కున నవ్వింది. నోలీన్‌కి సాయంగా పనిచేసే సమోవా దీవుల అమ్మాయి తను.

"ఏంటీ, ఈసారి కుక్కలకి కూడా మార్కులున్నాయా?" అంది నోలీన్.

మెరెడిత్ నవ్వలేదు. "రానిస్తారా, లేదా?"

"పెరట్లో ఉండనిస్తాం. మంచం మాత్రం ఇవ్వం."

మెరెడిత్ ఆ మాట పట్టించుకోకుండా ఖాళీగా ఉన్న చివరి గదిలోకి వెళ్లింది. పరుపు నొక్కి చూసింది. కిటికీ తీసింది, మూసింది. చేతిలో ట్యాబ్ ఉంది గానీ దాన్ని తెరిచిన పాపాన పోలేదు.

నోలీన్ వంటింట్లోకి వచ్చి రుసరుసలాడింది. "చూశావా లూపే? ఒక్క ముక్క రాసుకుంటే ఒట్టు! ముందే మన పేరు కొట్టేశారన్నమాట. ఇదంతా ఉత్త నాటకం."

"మెల్లగా ఆంటీ, వింటుంది."

"విననీ, నాకేం! గుమ్మంలో అడుగుపెట్టగానే ఏ ఆడదాని కథేంటో నేను ఇట్టే చెప్పేస్తాను. ఇది కడుపు నిండిన బాపతు."

"ఈ గది రోడ్డు మీదికి కనబడుతోంది," లోపల్నించి వినబడింది మెరెడిత్ గొంతు. "కర్టెన్లు ఇంత పలచగా ఉంటే ఎలాగండీ?"

అంతే, నోలీన్ విసవిసా గదిలోకి నడిచింది.

"చూడండి మేడమ్, మా కర్టెన్లు పలచనే! గడియలు లొడలొడే! అయినా ఇక్కడికొచ్చిన వాళ్లు తెల్లారేదాకా కంటినిండా నిద్రపోతారు. అదేంటో మీకేం అర్థమవుతుంది? సాయంత్రానికి ఇంటికెళ్లి, మొగుడి పక్కన సోఫాలో కూర్చుని, వైన్ తాగుతూ మాకు మార్కులేస్తారు. చేతనైతే గ్రాంటివ్వండి, లేకపోతే వెళ్లి ఆ పెలికాన్‌కి దండెయ్యండి!"

వెనకే వచ్చిన లూపే తల పట్టుకుంది. మెరెడిత్ మొహంలో నెత్తురు చుక్క లేదు. హ్యాండ్‌బ్యాగు తీసుకుంది.

నోలీన్ ఆమెని తన కారులోనే తిరిగి కార్ పార్కుకి తీసుకెళ్లింది. నోలీన్‌కి దారిలోనే కోపం దిగిపోయింది. పాడు నోరు! గ్రాంటు గోవిందా. లోపలున్న వాళ్లకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? అయినా ఈవిడగారికి క్షమాపణ చెప్పడానికి మనసొప్పలేదు.

కారు ఆపింది.

"వెళ్లి రండి మేడమ్. ఏం రాసుకుంటారో రాసుకోండి."

మెరెడిత్ సీటు బెల్టు తియ్యలేదు.

"గ్రాంటుకి పోయిన వారమే సంతకం పెట్టేశానండీ, ఇవాళ నా కోసం వచ్చాను, నన్ను మళ్లీ మా ఆయన దగ్గరికి పంపకండి."