చల్లపల్లి నుంచి పోలరాజు

"నేను కోసిపారేసిన వైరు మీద మీ ఆయన ఎవరితో మాట్లాడుతున్నారండీ?"

తలుపు తీసీ తీయకముందే పక్కింటి రాజ్యలక్ష్మి అడిగింది. చేతిలో కటింగ్ ప్లయర్ కూడా ఉంది, సాక్ష్యానికి తెచ్చినట్టు.

మార్తమ్మకి ముక్క అర్థం కాలేదు. "ఏ వైరమ్మా?"

"డాబా మీద మీ రేడియో యాంటెన్నా వైరు. ఆదివారం సాయంత్రం బట్టలు తీయడానికెళ్లి నేనే కోశాను. దాచడమెందుకు? పొద్దున ఆరున్నరకి నేను పాటలు పెట్టుకోవడం, బాబాయిగారు టిక్కుటిక్కుమని మొదలెట్టడం, నా స్పీకరు గరగరలాడటం! ఎన్నిసార్లు చెప్పాను పిన్నిగారూ? కోశాక గరగర పోయింది. కానీ ఇవాళ గురువారం. ఈ నాలుగు రోజులూ ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని కిటికీ దగ్గర కొడుతూనే ఉన్నారు, తనలో తను నవ్వుకుంటూనే ఉన్నారు. మా బాల్కనీలోకి కనబడుతుందిగా! అసలే గుండె ఆపరేషనైన మనిషి. మతిగానీ చలించిందేమోనని భయమేసి వచ్చా."

మార్తమ్మ ముఖం పాలిపోయింది. వెనక్కి తిరిగి చూసింది. ముందుగదిలో ఇశ్రాయేలు గారు పడక్కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నారు. మార్తమ్మ రాజ్యలక్ష్మి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది.

"నాతోనేనమ్మా ఆయన మాట్లాడేది."

"ఆఁ?"

"చల్లపల్లిలో పోలరాజు గారని, ఇరవై రెండేళ్ల స్నేహం. పొద్దున్నే అక్కణ్ణుంచి ఆయన, ఇక్కణ్ణుంచి ఈయన. నోటితో కాదు, మోర్స్ కోడ్‌లో, టిక్కుటిక్కులే కబుర్లు. ఈయన ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే ఆయన పోయారు. వాళ్లబ్బాయి ఫోన్ చేస్తే నేనెత్తాను. గుండె అదిరే కబురేదీ చెప్పొద్దని డాక్టరు గారు మరీ మరీ చెప్పారు. మర్నాడు పొద్దున ఈయన రేడియో ముందు కూర్చుని పోలరాజూ, పోలరాజూ అని పిలుస్తూనే ఉన్నారు. నేనేం చెయ్యను?"

మార్తమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "నాకూ హామ్ రేడియో లైసెన్సుంది. ఇద్దరం కలిసే పరీక్ష రాశాం. వెనకగదిలో చిన్న సెట్టుంటే, ప్రార్థన చేసుకుంటానని తలుపేసుకుని, పోలరాజు గారిలా జవాబు కొట్టాను. మూడు వారాలైంది. ప్రార్థన పేరు చెప్పి అబద్ధం! దేవుడే క్షమించాలి నన్ను."

రాజ్యలక్ష్మి కోపమంతా ఎటు పోయిందో పోయింది. "మరి వైరు తెగితే మీ జవాబు ఆయనకెట్లా వినబడుతోంది?"

"గోడ అవతలేగా నేనుంది! దానికి యాంటెన్నాతో పనిలేదు. బయటి స్టేషన్లే ఒక్కటీ వినబడవు." అంటూనే నోటి మీద చెయ్యి వేసుకుంది. "అమ్మో! పావుగంటకి మించి కూర్చోవద్దన్నారు కాబట్టి పోలరాజు గారితో మాట్లాడి కట్టేస్తున్నారు. ఇంకో స్టేషన్ కోసం తిప్పారంటే నా గుట్టు రట్టయిపోతుంది. ఆ కబురు ఒక్కసారిగా తెలిస్తే ఆయన గుండె తట్టుకుంటుందా?"

రాజ్యలక్ష్మి చేతిలోని ప్లయర్ వంక చూసుకుంది. పాటల పెట్టె కోసం ఎంత పని చేసింది! "కోసిందాన్ని నేనే అతికిస్తాను. ఎట్లాగో చెప్పండి పిన్నిగారూ, ఇప్పుడే వెళ్తాను."

"ఉండు, టేపూ సోల్డరింగ్ సామానూ ఇస్తాను." మార్తమ్మ రెండడుగులు వేసి ఆగింది. "ఇంకో వింత చెప్పనా? మంగళవారం నుంచీ ఈయన వరసే మారిపోయింది. పోలరాజు గారికి అస్తమానం నా సంగతే. మార్త లేకపోతే ఆసుపత్రి గడప దాటేవాణ్ణి కాదంటారు. కొండపల్లి క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు ఈయన షిఫ్టు దిగి వచ్చేదాకా నేను అన్నం ముట్టేదాన్ని కాదట, ఆ సంగతి ఆయనకి తెలుసట! నలభై ఏళ్లలో కూర బాగుందన్న పాపాన పోలేదమ్మా ఈ మనిషి. అవన్నీ వింటూ, ఏడుపాపుకుంటూ, పోలరాజు గారిలా 'అవునవును గురూ' అని కొట్టాలి నేను."

ఆవిడ వెనకగదిలోకి వెళ్లింది. రాజ్యలక్ష్మి ప్లయర్ కొంగు చాటున పెట్టుకుని, అడుగు చప్పుడు కాకుండా ముందుగది దాటబోయింది.

"అతికించడానికేనా అమ్మాయ్?"

ఇశ్రాయేలు గారు కళ్లు తెరిచే ఉన్నారు.

"సోమవారం రేడియో పెట్టగానే మీటరు ముల్లు చెప్పేసిందమ్మా, వైరు తెగిందని. అటూ ఇటూ తిప్పి చూశాను. లోకమంతా మూగబోయింది. ఒక్క పోలరాజు మాత్రం పక్కన కూర్చున్నట్టు ఖంగుమన్నాడు. మూడు వారాలుగా కోడ్ కొట్టడంలో వాడి చెయ్యి నిదానించిందేంటా అనుకున్నా. వాడుంటే మార్తకెందుకమ్మా ఈ కష్టం? ఆ రోజంతా ఏడ్చాను వాడి కోసం, మార్త చూడకుండా."

"క్షమించండి బాబాయిగారూ, తప్పయిపోయింది. ఐదు నిమిషాల్లో అతికించేస్తాను."

వెనకగదిలో సొరుగు మూసిన చప్పుడైంది. ఆయన గబుక్కున ఆమె చేతిలోని ప్లయర్ లాక్కుని దిండు కింద దాచేశారు.

"ఇంకో నాలుగు రోజులు ఆగు తల్లీ. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పడం నాకు చేతకాదు. ఆ వైరు అతికిందంటే నేను కొట్టేది దేశమంతా వింటుంది. ఇప్పుడైతే మా మార్త ఒక్కతే వింటుంది."