గేటు మీద ఫొటో

"నా ఫొటో తీసేయమని ఎన్నిసార్లు చెప్పాలండీ?" కాలేజీ ఆఫీసు బల్ల మీద చరిచాడు బాలాజీ.

గుమస్తా డేవిడ్ రాజు తలెత్తలేదు. "అడ్మిషన్లు అయ్యేదాకా ఓపిక పట్టవయ్యా. ఆ ఫ్లెక్సీ ప్రిన్సిపాల్ గారు కట్టించింది."

"ఉద్యోగమిస్తామన్న ఆ కంపెనీ నన్ను చేర్చుకోనే లేదండీ! ఆఫర్ ఇచ్చి వెనక్కి తీసుకుంది. నేను మా నాన్నతో చేపల వేటకెళ్తున్నాను. గేటు మీదేమో టై కట్టుకుని, 'మన ఆణిముత్యాలు' అంటూ నా మొహం! బందరులో తలెత్తుకుని తిరగలేకపోతున్నాను."

"ఉద్యోగం వచ్చిన మాట నిజమే కదా? పోయిన సంగతి రాయలేదు, అంతే."

బాలాజీకి ఒళ్ళు మండిపోయింది. తనే గేటెక్కి చింపేద్దామని విసురుగా వెనక్కి తిరిగాడు. గుమ్మంలో ఒక పెద్దాయన, ఆయన పక్కన కూతురు.

"గేటు మీదున్న బాబు మీరే కదూ?" పెద్దాయన మొహం వెలిగిపోయింది. "మాది నాగాయలంక అవతల. మీ నాన్నగారు చేపలు పడతారని అక్కడ రాశారు, మాదీ వేట బతుకే. ఏ కాలేజీలో చేర్చాలో తెలీక తిరుగుతున్నాం. మీ ఫొటో చూశాక ఇంకేం ఆలోచించలేదు బాబూ, ఫీజు కట్టేద్దామని వచ్చేశాం."

ఆ పిల్ల బాలాజీని దేవుణ్ణి చూసినట్టు చూస్తోంది. డేవిడ్ రాజు ఇప్పుడు తలెత్తాడు. ఏమీ అనొద్దన్నట్టు కళ్ళతోనే బతిమాలాడు.

ఇన్నాళ్ళూ ఆ ఫొటో తన పరువు తీస్తోందనే కుమిలిపోయాడు బాలాజీ. గాలానికి తననే ఎరగా గుచ్చారని ఇప్పుడర్థమైంది.

"ఫీజు తర్వాత కడుదురు గానీ, ముందు బయటికి రండి బాబాయ్," అన్నాడు. "గేటు మీద సగమే రాశారు. మిగతా సగం నేను చెప్తాను."