కౌజుపిట్ట అడిగిన మాట

వాగు ఒడ్డున గులకరాళ్ల మధ్య ఒక తీతువు గుడ్లు పెట్టుకుంది. ఒక మధ్యాహ్నం జెర్రిపోతు పాక్కుంటూ వచ్చింది. తీతువు భయపడి ఎగిరిపోయింది. తిరిగి వచ్చేసరికి గుడ్లు లేవు.

ఆనాటి నుంచి అది తిండి మానేసింది. తన రొమ్ము మీది ఈకలు తానే పీక్కునేది.

"ఎన్నాళ్లిలా? మళ్లీ పెట్టుకోరాదూ" అని కాకి కసిరి వెళ్లిపోయింది.

పొదలో ఉండే కౌజుపిట్ట మాత్రం రోజూ వచ్చి, ఏమీ అనకుండా పక్కన కూర్చునేది.

"నాలాంటి పిరికిదాని దగ్గర ఎందుకు కూర్చుంటావక్కా?" అని ఒకరోజు తీతువు అడిగింది.

"నా పిల్లల్ని గద్ద ఎత్తుకుపోతుంటే నేనూ పొదలో నక్కి చూస్తూ ఉండిపోయాను" అంది కౌజు.

తీతువు గబగబా దాని దగ్గరికి జరిగింది.

"గద్ద ముందు నువ్వెంతక్కా? బయటికొస్తే నిన్నూ చంపేది. ఇందులో నీ తప్పేముంది?"

"మరి జెర్రిపోతు ముందు నువ్వెంత చెల్లీ?"

తీతువు ఈకలు ఊడిన తన రొమ్ము వైపు చూసుకుంది.

"నాకు చాలా భయమేసిందక్కా" అంది చివరికి.

"వెయ్యదూ మరి" అంది కౌజు.

తీతువుకు దుఃఖం పొంగుకొచ్చింది. కౌజు ఒంటికి ఆనుకుని, ఏడుస్తూ ఏడుస్తూనే నిద్రపోయింది.